ఎవరిచ్చినారు అనుమతి?

గిద్దలూరులో రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో బాబావలి ప్రకృతి వైద్యం చేసేవాడు. రెండు గదులు, తొట్టిస్నానానికి సిమెంటు తొట్లు, వెనకాల పుట్టమన్ను నానబెట్టే గాబు. పని తండ్రి బడే సాహెబ్ దగ్గర నేర్చుకున్నాడు. గోడకు ఏదో సంఘం ఇచ్చిన సర్టిఫికెట్ వేలాడేది. దాన్ని ఇచ్చే అధికారం ఆ సంఘానికి ఎవరిచ్చారో అతనికే తెలియదు. ఆ దిగులుతోనే ఒకసారి జిల్లా ఆఫీసుకు వెళ్ళాడు.

"కాలేజీలో చదివినోళ్లయితే వేరే సంగతి. నీలాంటోళ్లకు లైసెన్స్ ఇచ్చే అధికారం మాకు లేదు," అన్నాడు గుమస్తా.

"అయితే చేయొద్దంటారా సార్?"

"అది కూడా నేను రాసియ్యలేను."

బాబావలికి ఆ మాటే సగం అనుమతిలా వినిపించింది. ఇంటికొచ్చి మళ్ళీ మన్ను కలిపాడు.

బజారులో కిరాణా దుకాణం నడిపే కోటిరత్నం మోకాళ్ల నొప్పులకని అతని దగ్గరికి వచ్చేది. చాలా ఏళ్లుగా ఆమెకు షుగర్. పూటపూటా ఇన్సులిన్ పొడుచుకునేది. మట్టిపట్టీలతో నొప్పులు తగ్గేసరికి బాబావలి మీద గురి కుదిరింది. ఒకరోజు పొద్దున వస్తూనే నవ్వింది.

"తమ్ముడూ, సూది మానేసినా. నీ మట్టి, నీ కాకర రసం చాల్లే నాకు."

అది తప్పని బాబావలికి తెలుసు. ఎవరి మందులూ మాన్పించే జోలికి తండ్రి ఎన్నడూ పోలేదు. కానీ బల్లమీద కూర్చున్న రోగులంతా తనవైపే మెచ్చుకోలుగా చూస్తున్నారు.

"మంచిదక్కా," అన్నాడు.

ఆ వారంలోనే ఆమె కొడుకు ఫణికృష్ణ ఫోన్ చేశాడు. "మామా, అమ్మ ఒకటే వాంతులు. ఎన్ని నీళ్లు తాగినా దప్పిక తీరడంలే."

"ఒంట్లో విషం బైటికి పోతాంది నాయనా. నిమ్మనీళ్లు తాపిచ్చు."

పక్కనున్న భార్య నసీమా "ఆస్పత్రికి పొమ్మని చెప్పరాదా?" అంది. అతను ఫోన్ పెట్టేశాడు. పొమ్మంటే తన వైద్యం ఓడినట్టే అనుకున్నాడు.

మర్నాటికి కోటిరత్నానికి ఆయాసం పెరిగింది, మాట తడబడింది. మార్కాపురం తీసుకుపోతే అక్కడి డాక్టరు చూసి ఒంగోలు పంపించాడు. దారిలో, అంబులెన్స్‌లోనే ఆమె ప్రాణం పోయింది.

అధికారులు వచ్చి గదులకు సీలు వేశారు. "ఎవరిచ్చినారు నీకు అనుమతి?" అని అడిగారు. లైసెన్స్ ఇచ్చే అధికారం ఎవరికీ లేకపోయినా, తాళం వేసే అధికారం మాత్రం ఉంది. బాబావలి తాళంచెవులు వాళ్లకే అప్పగించాడు. పోలీసులు అతని మీద కేసు పెట్టారు.

"సూది మానినట్టు నాకు తెలీదని చెప్పు. సాక్ష్యం ఏముంది?" అని వకీలు నేర్పించాడు.

పోలీస్ స్టేషన్ వరండాలో ఫణికృష్ణ ఎదురుపడ్డాడు. గుండు చేయించుకున్న తల, ఎర్రబడ్డ కళ్లు.

"ఒక్కటే అడుగుతా మామా. మా అమ్మ సూది మానిన సంగతి నీకు తెలుసా?"

వకీలు మోచేత్తో పొడిచాడు. బాబావలి తల ఎత్తలేకపోయాడు.

"తెలుసు నాయనా. నాతోనే చెప్పింది. మంచిదని నేనే అన్నా."

ఫణికృష్ణ కొడతాడనుకున్నారు అందరూ. అతను గోడకు ఆనుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ మాట మీదే కేసు గట్టిపడింది.

బెయిలు మీద వచ్చాక బాబావలి మళ్ళీ మన్ను ముట్టలేదు. ఒకనాడు తర్లుపాడు నుంచి సుబ్బులమ్మ అనే ఆమె ఆటోలో వచ్చింది. కాలిమీద మానని పుండు, షుగర్.

"పెద్దాస్పత్రికి పోమ్మా. మందులు మాత్రం మానొద్దు. నీకు దండం పెడతా," అన్నాడు బాబావలి.

"ఆస్పత్రోళ్లు కాలు తీసేస్తారంట. నీకు చేతగాదంటే చెప్పు. కంభంలో ఒకాయన ఉండాడంట, ఆయనకూ సర్టిఫికెట్ ఉందంట."

"ఆ సర్టిఫికెట్‌కు విలువ లేదమ్మా!"

"నిన్ను పోలీసోళ్లు బాగా బెదిరిచ్చినట్టుండారు," అని జాలిగా చూసి ఆమె ఆటో ఎక్కింది.

బాబావలి ఆటో వెనక రోడ్డు దాకా పరిగెత్తాడు, కేకలు వేశాడు. అది ఆగలేదు.