సుంకన్న తోట పక్క బోరింగు

నేను ఒక చేతిపంపును. కార్ఖానాలో నన్ను పోతపోసినవాళ్లు ఏ పేరు పెట్టారో గుర్తులేదు గానీ, అనంతపురం జిల్లాలోని ఈ ఊరివాళ్లు మాత్రం బోరింగు అంటారు. నన్ను పాతిన రోజున పసుపు పూసి, టెంకాయ కొట్టి, నీళ్లు పడగానే నాకే దండం పెట్టారు. నాకు సిగ్గేసింది. అందులో నా ప్రతాపమేముంది? వాన ఎగువ గుట్టమీద పడుతుంది. వంకలోకి దిగి, కుంటలో కొన్నాళ్లు ఆగి, మట్టిలోకి ఇంకి, రాతి పగుళ్లు వెతుక్కుంటూ నా గొట్టం దగ్గరికి చేరుతుంది. ఎవరైనా పిడి నొక్కితే నోరు తెరవడం ఒక్కటే నా పని. అయినా "ఈ బోరింగు నీళ్లు తియ్యగుంటాయి" అని నన్నే పొగిడేవాళ్లు. కాదనేంత మంచితనం నాకు లేదు.

నా పక్క చేను సుంకన్నది. మంచివాడే, కాకపోతే నేలంటే ఆశ ఎక్కువ. తన చేనుకి ఎగువనున్న ఊరి కుంట ఎండాకాలంలో ఖాళీగా కనబడేసరికి, ఊరికే ఎందుకు పడి ఉండాలని దాన్ని చదును చేసి చీనీ, అదే బత్తాయి, మొక్కలు నాటాడు. వాటికి నీళ్లు కావాలి గనక బోరు వేయించాడు. కుంట పూడ్చినవాడే నీళ్లకోసం భూమికి చిల్లు పెట్టడం చూసి నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు. అతని మోటారు తిరిగేకొద్దీ నా గొట్టంలో నీళ్లు కిందికి జారిపోయాయి. ఒక వేసవి పొద్దున ఓబుళమ్మ ఎంత కొట్టినా నాలోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

ఓబుళమ్మ అంగన్‌వాడీలో ఆయా. పిల్లలకు అన్నం వండాలి. ఖాళీ బిందెతో నేరుగా తోటలోకి నడిచింది.

"ఏమప్పా సుంకన్నా, నీ మోటారు తిరుగుతాంటే మా బోరింగు గొంతెండిపాయ గదా!"

"నా చేన్లో నేను బోరు ఏసుకుంటినక్కా. నా నీళ్లు నేను తోడుకుంటే మీకేమి?"

"నీ నీళ్లా? ఇది సుంకన్న చేనేనా అని గట్టుకాడ అడిగి వస్తాండాయా అవి?"

సుంకన్న ఆ పూటకు బిందె నింపిచ్చాడు. మోటారు మాత్రం ఆపలేదు. ఆడవాళ్లు పక్క ఊరికి నడవసాగారు. నా దగ్గరికి వీపు గోక్కునే మేకలు తప్ప ఎవరూ రాలేదు. ఎవరో నా పిడికి దూడను కూడా కట్టేశారు.

కొన్నేళ్లకు సుంకన్న బోరూ ఎండింది. బోరుబండి తెప్పించి ఇంకా లోతుకు వేయించాడు. దుమ్మే లేచింది గానీ నీళ్లు పడలేదు. చీనీ ఆకులు ముడుచుకుపోతుంటే, వచ్చి నా సిమెంటు గట్టుమీద కూలబడ్డాడు. పక్క ఊరినుంచి నీళ్లు మోసుకొస్తున్న ఓబుళమ్మ ఆగి, బిందె దించి అతని దోసిట్లో నీళ్లు పోసింది. తాగాక అంది:

"ఇంగెంత లోతుకు పోతావప్పా? కిందుండేదంతా పైనుంచి దిగిందే. ఆ కుంట ఇడిచిపెట్టు."

"కాపుకొచ్చిన చెట్లుండాయి కదక్కా అందులో."

"ఉండాయి. ఎండిపోతాండాయి గూడా."

అతను మొహం కప్పుకుని ఏడ్చాడు. మర్నాడు గొడ్డలి తనే పట్టాడు. కుంటలోని ఒక్కో చెట్టునూ నరికే ముందు మొదలు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఊరివాళ్లు పారలు తెచ్చి పూడిక తీశారు, కట్ట పోశారు. వాన ఎప్పటిలాగే బతిమాలించుకుని వచ్చి, కుంట నింపి వెళ్లింది.

చలికాలంలో ఒక పొద్దున ఓబుళమ్మ పిడి కదిపి చూసింది. దగ్గాను. ఎర్రమట్టి కక్కాను. తర్వాత తేటనీళ్లు వచ్చాయి. ఆమె కేకకు ఊరంతా బిందెలతో పరుగెత్తుకొచ్చింది. సుంకన్నా వచ్చాడు గానీ దూరంగా నిలబడిపోయాడు.

"ఆడెందుకు నిలబడితివి? రా, చేతులుండాయి గదా, కొట్టు!" అంది ఓబుళమ్మ.

వచ్చి పిడి పట్టుకున్నాడు. ముందున్నవాళ్ల బిందెలన్నీ తనే నింపాడు. చివరికి తన బిందె పెట్టి, సగానికి రాగానే చాలంటూ చెయ్యి తీసేశాడు. ఓబుళమ్మ పిడి అందుకుని మిగతా సగం కొట్టి నింపింది.