డాష్‌బోర్డు వెనక పదకొండు తీగలు

ఎరుపుకూ పచ్చకూ తేడా తెలియని మనిషి కరెంటు పని ఎంచుకోవడం, ఈత రానివాడు బావిలో పూడిక తీసే పనికి ఒప్పుకున్నట్టే. గంగాధరప్ప ఆ పనే ఎంచుకున్నాడు. ముప్పై ఏళ్లుగా చేస్తున్నాడు కూడా, ఎవరికీ అనుమానం రాకుండా.

పద్దెనిమిదో ఏట ఒక ఉద్యోగానికి పోతే అక్కడి డాక్టరు రంగు చుక్కల పుస్తకం ముందు పెట్టి, చుక్కల మధ్య అంకె చెప్పమన్నాడు. గంగాధరప్పకు ఉత్త చుక్కలే కనబడ్డాయి. ఉద్యోగం రాలేదు. ఇంట్లో మాత్రం ఎత్తు చాలలేదన్నారని చెప్పుకున్నాడు. తర్వాత కొత్తచెరువు బస్టాండు దగ్గర బోరు మోటార్లకు స్టార్టర్ డబ్బాలు కట్టే కొట్టు పెట్టాడు. ఆ పనిలో ఎర్రతీగ కరెంటు తెచ్చేది, పచ్చతీగ ఎర్తుకు పోయేది. రెండూ అతని కంటికి ఒకటే మడ్డి రంగు. ఒకదాని చోట ఇంకోటి బిగిస్తే ఇనపడబ్బాకే కరెంటు వస్తుంది, తడికాళ్లతో వచ్చి దాన్ని ముట్టుకున్న రైతు మళ్లీ లేవడు. అందుకే ప్రతి తీగనూ మీటరు పెట్టి రెండుసార్లు చూసేవాడు. చుట్టుపక్కల నలభై ఊళ్లలో అతని డబ్బా ఒక్కటీ ఎవరికీ షాకు కొట్టలేదు. "గంగాధరప్ప డబ్బా" అంటే జనం కళ్లు మూసుకుని చెయ్యి పెట్టేవాళ్లు. ఆ పేరే అతని ఆస్తి. రంగుల సంగతి బయటపడితే అది ఒక్క పూటలో పోతుందని అతనికి తెలుసు. సంగతి తెలిసింది భార్య ఆదిలక్ష్మి ఒక్కదానికే.

అలాంటివాడు బోరుడబ్బాలతో ఊరుకోక, విష్ణువర్ధన్ కారు పని నెత్తికెత్తుకున్నాడు.

విష్ణువర్ధన్ పక్క పల్లెలో పెద్ద రైతు, రాజకీయాల్లో కూడా కాస్త చెయ్యి ఉన్నవాడు. వాళ్ల తాత ఎప్పుడో బెంగళూరులో ఒక దొర దగ్గర కొన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఇరవై ఏళ్లుగా వాళ్ల కొట్టం ముందు పడి ఉండింది. టాపు లేని కారు మన ఎండకు ఏం తట్టుకుంటుంది? డాష్‌బోర్డు మీది పల్చటి చెక్కపొర కాల్చిన అప్పడంలా పొంగి లేచిపోయింది. మీటర్ల అద్దాలు మసకబారాయి. కూతురు పద్మప్రియ ఆ కారు మీద మనసు పడితే, ఇంజను బెంగళూరులో బాగు చేయించాడు. డాష్‌బోర్డు దగ్గరికి వచ్చేసరికి, "నీ చెయ్యి పడితే సాలన్నా" అని గంగాధరప్పను పిలిచాడు. పొగడ్తకు పడనివాడెవడు?

డాష్‌బోర్డు విప్పిన రోజు, చేతిసాయానికని చెప్పి ఆదిలక్ష్మిని వెంట తీసుకుపోయాడు. ఆమె ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టిన మనిషి. మగ్గం మీద పాత పడుగుదారాల కొసలకు కొత్త పడుగుదారాల కొసలు వేలకు వేలు ముడేసిన చేతులవి. బోర్డు వెనక మొత్తం పదకొండు తీగలు. ఒక్కొక్కటి విప్పుతుంటే, తీగ కొసకు ఒక పట్టుదారం, బోర్డు వెనక అది వదిలిన స్క్రూ మరకు ఒక పట్టుదారం కట్టి, రెండింటికీ ఒకే లెక్కన ముడులు వేసింది. మొదటి తీగకు ఒక ముడి, రెండోదానికి రెండు, అట్లా పదకొండు దాకా. ఇక రంగులతో పని లేదు. మళ్లీ బిగించేటప్పుడు వేలితో ముడులు లెక్కపెట్టుకుంటే చాలు.

బోర్డుకు లింగప్ప అనే వడ్రంగి కొత్త చెక్కపొర అతికించి నెల రోజులు మెరుగు పెట్టాడు. చివరికి అది బెల్లం పాకంలా మెరిసింది. అనంతపురంలో పాతకార్ల ప్రదర్శన ఆదివారం పదకొండు గంటలకు. ఎనిమిదింటికి పద్మప్రియ బయలుదేరాలి. గంగాధరప్ప ఆరున్నరకే బోర్డు పట్టుకుని కారు దగ్గరికి వచ్చి, సీటు తీసిన చోట వెల్లకిలా పడుకుని, బోర్డు వెనకకు చెయ్యి పెట్టాడు. మర దగ్గర ముడులు దొరికాయి. తీగల దగ్గర ఒక్క ముడీ దొరకలేదు.

"ఈడ దారాలుండాల," అన్నాడు.

"నేనే తీసేసినా మామా," అంది పద్మప్రియ సంతోషంగా. "దారం పోగులు చెత్త మాదిరి యాలాడతా ఉంటే కత్తిరించి, తీగలన్నీ గుడ్డతో తుడిచి పెట్టినా. ఇప్పుడు రంగులు బాగా తెలుస్తాయి సూడు."

దొంగకు తేలు కుట్టినట్టయింది గంగాధరప్పకు. అరవడానికి లేదు, అరవకుండా ఉండటానికీ లేదు. ముడులతోనే పని కదా అని మీటరు ఇంట్లోనే వదిలి వచ్చాడు. తెలుపు, నలుపు, పసుపు, నీలం అతను గుర్తు పట్టగలడు. ఆ నాలుగూ బిగించాడు. మిగతా ఏడూ చేతిలో పట్టుకుంటే ఏడూ అన్నదమ్ముల్లా ఉన్నాయి.

ఫోను తీసి ఆదిలక్ష్మికి వీడియో కాల్ చేసి, తీగ పక్కన పెట్టుకున్నాడు. ఏ ముడి ఏ రంగుదో ఆమెకు నోటికి వచ్చు.

"దారాలేమైనాయి?" అంది ఆమె ముందుగా.

గంగాధరప్ప దగ్గాడు. "ఆ చీరల సంగతి చెప్పు ఆదీ. ఈ రంగువి ఎన్నన్నారు వాళ్లు?"

భర్తను ముప్పై ఏళ్లుగా చూస్తున్న మనిషి, ఆమెకు విడమరిచి చెప్పక్కర్లేదు. "వంకాయ రంగు కదా? అవి నాలుగు," అంది.

నాలుగు ముడుల మర చూసుకుని బిగించాడు. ఇంకో తీగ ఫోను ముందు పెట్టాడు.

"ఉల్లిపొర. ఆరు."

కారు పక్కన నిలబడిన విష్ణువర్ధన్ నవ్వాడు. "ఏమన్నా, కార్లో పండుకోని చీరల బేరమా? టైమవుతాండాది."

"అయిపోయిందప్పా," అన్నాడు గంగాధరప్ప. చెమట కంట్లోకి దిగుతోంది. చిలకపచ్చ, మిరపపండు, కాషాయం కూడా అయ్యాయి. ఇంకా రెండు మిగిలాయి. ఆ రెంటిలో ఒకదాన్ని ఎత్తి చూపించేసరికి ఫోను తెర నల్లబడింది. మళ్లీ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. ఆదిలక్ష్మి ఫోనుకు చార్జింగు నిలబడదని వారం నుంచి చెబుతూనే ఉంది, కొత్తది కొందాంలే అని అతనే వాయిదా వేశాడు.

మిగిలిన రెండూ ఉత్త తీగలు కావు. ఒకటి ఇటిక రంగుది, బ్యాటరీ నుంచి నేరుగా తాళం దగ్గరికి వచ్చేది, మధ్యలో ఫ్యూజు కూడా లేదు. రెండోది ముదురు పచ్చది, ఎర్తుది, మీటర్ల వెనక, కారు బాడీకి ఆనుకుని ఉన్న ఇత్తడి పట్టీకి బిగించాల్సింది. ఇవి తారుమారైతే బ్యాటరీ తగిలించిన మరుక్షణం తీగ కాలి, నడిపేవాళ్ల మోకాళ్ల మీదే మంట లేస్తుంది. రెండూ ఒకే మందం. రెండూ మడ్డి రంగే.

"ఒక చిన్న బల్బు ఉంటే ఈయప్పా," అన్నాడు. "వీటిలో కరెంటు ఏదో పెట్టి సూస్తా."

విష్ణువర్ధన్ వంగి లోపలికి చూశాడు. "దానికి బల్బెందుకన్నా? ఒకటి పచ్చది, ఇంకోటి ఇటిక రంగుది. కండ్లకు కనపడతానే ఉండాయి కదా."

ఎగతాళి కాదు, మామూలుగా అన్నమాటే. ఏది ఏదని అడిగితే ఒక్క మాటతో తేలిపోయేది. గంగాధరప్పకు ఆ ఒక్క మాటే నోటికి రాలేదు. కక్కలేక మింగలేక, "ఊరికే అన్నాలే" అన్నాడు. కుడిచేతిలో ఉన్నదాన్ని తాళానికి, ఎడమచేతిలో ఉన్నదాన్ని ఇత్తడి పట్టీకి బిగించాడు. దేవుడి మీద భారం వేసినవాడు చేసే పనే చేశాడు.

బయటికి వచ్చాడు. సీటు లోపల పెట్టారు. పద్మప్రియ ఎక్కి కూర్చుని, కొత్త బోర్డు మీద అరచెయ్యి ఆనించి మురిసిపోయింది. విష్ణువర్ధన్ బానెట్ ఎత్తి, స్పానరు తీసుకుని, విడిగా ఉన్న బ్యాటరీ తీగను పట్టుకున్నాడు.

గంగాధరప్ప ఆ పిల్ల మోకాళ్లు చూశాడు. అవి సరిగ్గా ఆ తీగల కిందే ఉన్నాయి. సరిపోయి ఉండొచ్చు. సగానికి సగం అవకాశం ఉంది. సరిపోతే ఎవరికీ ఏమీ తెలియదు, నలభై ఊళ్లలో పేరు పేరుగానే ఉంటుంది. నోరు మూసుకుని నిలబడితే చాలు.

విష్ణువర్ధన్ చెయ్యి బ్యాటరీకి జానెడు దూరంలో ఉంది.

"ఆపప్పా," అన్నాడు గంగాధరప్ప. "ఆ తీగ తగిలించొద్దు. పాపా, నువ్వు దిగు."

ఇద్దరూ అతని వైపు చూశారు.

"నాకు ఎరుపూ పచ్చా తెలీవు. ఇటిక రంగు కూడా తెలీదు. పుట్టినప్పటి నుంచి అంతే. కడాకు మిగిలిన రెండు తీగలు గుడ్డిగా బిగించినా. ఏది యాడ పడిందో నాకు తెలీదు."

పద్మప్రియ దిగింది. ఆమె మొహంలో భయం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది. "దారాలు అందుకేనా మామా?" అంది మెల్లగా. గంగాధరప్ప తలూపాడు.

విష్ణువర్ధన్ స్పానరు కింద పెట్టి, సీట్లో అడ్డంగా పడుకుని, ఫోను లైటు వేసి బోర్డు వెనక చాలాసేపు చూశాడు. గంగాధరప్ప గోడకు ఆనుకున్నాడు.

"ఇటిక రంగుది తాళం దగ్గర ఉండాది," అన్నాడు విష్ణువర్ధన్ లోపలి నుంచి. "పచ్చది పట్టీకి ఉండాది. సరిగ్గానే బిగించినావు."

అంటే నోరు విప్పకపోయినా ఏమీ అయ్యుండేది కాదు. గంగాధరప్పకు ఏడుపొచ్చింది. సంతోషమో దుఃఖమో అతనికే తెలియలేదు.

విష్ణువర్ధన్ లేచి బ్యాటరీ తగిలించాడు. పద్మప్రియ తాళం తిప్పింది. ఐదు మీటర్ల ముళ్లూ ఒక్కసారి వణికి పైకి లేచాయి, ఇంజను అందుకుంది. ఆ పిల్ల చప్పట్లు కొట్టి, "బాగుండాది మామా, శానా బాగుండాది" అంది. కారు గేటు దాటి రోడ్డెక్కేదాకా ఇద్దరు మగవాళ్లూ చూస్తూ నిలబడ్డారు.

దుమ్ము అణిగాక విష్ణువర్ధన్ అడిగాడు. "అన్నా, మా మూడు బోర్లకూ డబ్బాలు నువ్వు కట్టినవే కదా?"

"నేనేప్పా. మీటరు పెట్టి సూసే కట్టినా, రెండుసార్లు."

"నాకు తెలుసులే." అతని వైపు చూడకుండా అన్నాడు. "రేపు అనంతపురం నుంచి ఎవరినన్నా పిలిపించి ఒకసారి సూపిస్తా. ఏమనుకోవద్దు. కూలోళ్లు తిరిగే తావు కదా."

"సూపించప్పా," అన్నాడు గంగాధరప్ప. "సూపించాల్సిందే."

తన పొలమే అయ్యుంటే తానూ అదే పని చేసేవాడు. కనీసం కోపం తెచ్చుకోవడానికి కూడా అతనికి దారి లేకపోయింది.