కాడ లేని పువ్వు

తుంగానే ఇంటి గుమ్మం ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే అకాయితీ ముక్కు మూసుకుంది. చేప పొలుసుల కంపు, పులిసిన కొబ్బరిపాల కంపు, ఉతక్కుండా వదిలేసిన పసిపిల్లల గుడ్డల కంపు. వాటన్నిటినీ మించి పంది కంపు. దొడ్లో కట్టేసిన పందైతే ఎవరేమంటారు, మౌకే ద్వీపంలో పంది లేని గడప ఏది? కానీ ఇది నట్టింట్లో ఉంది. కాలు విరిగిన పందిపిల్ల ఒకటి చాప మీద, ఇల్లంతా తన పేరనే రాసిచ్చినట్టు వెల్లకిలా పడుకుని గురక పెడుతోంది.

"రా వదినా, రా! కూచో," అంది తుంగానే. చేతిలో సగం కోసిన చేప, మోకాలి మీద మనవరాలు. ఆ పిల్ల ముక్కు కారుతుంటే అదే చేత్తో తుడిచి, ఆ చెయ్యి గౌనుకు రాసుకుంది.

అకాయితీ కూచోలేదు. కూచోవడానికి శుభ్రమైన చోటేదీ అక్కడ కనబడితేగా!

"పెళ్ళి శనివారమే. నీ ముక్క ఎంతవరకొచ్చిందో చూసిపోదామని వచ్చా."

"అయిపోయినట్టే. అంచు రెండు వరసలు మిగిలాయి, అంతే. ఉండు, తీస్తా."

తీసింది. ఎక్కణ్ణుంచి తీసిందనుకున్నారు? పందిపిల్ల మీంచి. అకాయితీ కూతురు వైరంగి పెళ్ళి బొంతలో నాలుగో వంతు, తనతో కలిపి నలుగురాడవాళ్ళు ఆరు నెలలు కళ్ళు పొడుచుకుని కుడుతున్న బొంతలో నాలుగో వంతు, ఒక పందికి దుప్పటి అయింది.

"రాత్రంతా వణికిపోయింది పాపం. కాసేపు కప్పాను," అంది తుంగానే.

"ఛీ ఛీ! కప్పావా? దీన్ని?"

అకాయితీ రెండు వేళ్ళతో దాన్ని ఎత్తి పట్టుకుంది. ఒక మూల జిడ్డు వేలిముద్రలు, ఇంకో మూల అచ్చుగుద్దినట్టు పంది గిట్ట. ఎక్కడ చూసినా ఏదో ఒక మరకే. నోట్లో నీళ్ళూరాయి, ఆకలికి ఊరే నీళ్ళు కావవి.

"నా కూతురు దీనిమీద పడుకోవాలా తుంగానే? రేపు చచ్చాక దీన్లో చుట్టి పూడుస్తారే దాన్ని! పంది కంపుతో పోవాలా గోతిలోకి?"

"ఉతికితే పోతుంది వదినా."

"పుట్టి బుద్ధెరిగాక నువ్వేం ఉతికావో చెప్పు, వింటా."

తుంగానే ఎప్పట్లాగే నవ్వింది. కానీ ఆ నవ్వు సగంలో ఆగింది. మనవరాల్ని కిందికి దించి, తడి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇటివ్వు," అంది అకాయితీ. "నేను తీసికెళ్ళి ఉతుకుతా. ఆ రెండు వరసలూ నేనే వేస్తా."

"నా ముక్క కదా వదినా..."

"ఉతికి, అంచు వేసి తెస్తానంటున్నాగా, మింగేస్తానా?"

ఒకరి ముక్క మీద ఇంకొకరు సూది పెట్టడం ఆ ఊళ్ళో లేదు. పెళ్ళిలో బొంత విప్పేటప్పుడు పెళ్ళికూతురి తల్లి నలుగురి ముందూ నిలబడి, ఏ ముక్క ఎవరు కుట్టారో వేలు పెట్టి చూపించి పేరు చెబుతుంది. ఆ పేర్లు బొంతతోనే ఉండిపోతాయి. అమ్మమ్మ బొంత ఎవరెవరు కుట్టారంటే మనవలు నిద్రలో లేపినా చెప్పగలరు. అందుకే తుంగానే చెయ్యి ఒక్క క్షణం ఆ గుడ్డ మీదికి వచ్చింది. మళ్ళీ వెనక్కి పోయింది. అకాయితీ గుడ్డని చంకలో కాదు, చెయ్యంత దూరంలో పట్టుకుని ఇంటికి నడిచింది.

అకాయితీ ఇల్లు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. నేల మీద అన్నం పోసుకుని తినొచ్చు. ఏడాదికోసారి ఊరి పెద్దలు ఇళ్ళూ వాకిళ్ళూ చూడ్డానికి వచ్చినప్పుడు ఆవిడ ఇంటి ముందు చెప్పులు విడవడానిక్కూడా జంకుతారు. తుంగానే ఇంటికి వెళ్ళినప్పుడు మాత్రం చెప్పులు గట్టిగా తొడుక్కుంటారు. అయినా ఇద్దరికీ చిన్నప్పట్నుంచీ స్నేహం. శుక్రవారం శుక్రవారం చర్చి పక్క హాల్లో చాపల మీద కూచుని కుట్టేటప్పుడు తుంగానే లేకపోతే ఆ హాలు చావింటిలా ఉంటుంది. పాస్టరుగారి నడకని ఆవిడ సూది పట్టుకునే చూపిస్తుంది, మొగుడి గురకని పాటలో కలుపుతుంది, వచ్చేటప్పుడు ఆకులో చుట్టి అరటిపండు పాయసం తెస్తుంది. ముద్దగా, జిగురుగా, కొబ్బరిపాలు పోసి, బ్రహ్మాండంగా ఉంటుందంటారు. అందరూ తింటారు. అకాయితీ మాత్రం నలభై ఏళ్ళుగా "ఇప్పుడే తిన్నానే" అంటుంది. ఆ చేతులు ఎక్కడెక్కడ తిరిగాయో ఆవిడకి తెలుసు మరి.

ఇంటికి రాగానే తొట్టెలో వేడినీళ్ళు పోసి, సబ్బుపొడి గుప్పెళ్ళతో వేసి, గుడ్డని ముంచింది. పిండింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. పంది. మళ్ళీ ముంచింది, మళ్ళీ పంది. మూడోసారికి కంపు గుడ్డలో ఉందో తన ముక్కులోనే ఉండిపోయిందో తెలీలేదు. పైగా ఆ కుట్లు! ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, కోడి గీరినట్టు. ఎంత కడిగినా ఆ కుట్ల సందుల్లో తుంగానే ఇల్లంతా దాక్కుని ఉన్నట్టే అనిపించింది. థూ, అనుకుని కత్తెర తీసింది.

మొదట ఒక్క వరసే విప్పుదామనుకుంది. విప్పాక ఇంకోటి. పొద్దుగూకేసరికి మొత్తం విప్పేసింది. అగ్గిపెట్టె అంతంత చదరాలు, వందలకు వందలు, ఎరుపూ పసుపూ తెలుపూ ఆకుపచ్చా అన్నీ కలిసిపోయి తొట్టెలో తేలాయి.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఈ బొంతకి కాగితం మీద బొమ్మ ఉండదు. బొమ్మంతా తెపయేరు పెద్దమ్మ తలలో ఉంటుంది. ఎనభై దాటిన ముసలమ్మ, కళ్ళు మసక, చాప మధ్యలో కూచుని రంగులు పలుకుతుంది. "రెండు తెలుపు, ఒక ఎరుపు, మూడు పసుపు..." ఒక్కొక్కరికీ విడివిడిగా పలుకుతుంది. వాళ్ళు ఆ వరసలోనే చదరాలని దారానికి గుచ్చుకుని ఇంటికి తీసికెళ్ళి కుట్టుకొస్తారు. ముసలమ్మ నోటివెంట వచ్చిన వరస ఆ దారంలోనే ఉంటుంది. దారం విప్పేస్తే ఇక ఆవిడ తలలో తప్ప ఎక్కడా ఉండదు.

అకాయితీ చదరాలన్నీ ఉడికించినంత పని చేసి, పచ్చిక మీద ఆరేసి, తన ముక్కని పక్కన పరుచుకుని దాన్ని చూసి వరస వేసుకుంది. నాలుగూ ఒకటే పువ్వు కదా, నాలుగు వంతులూ ఒకటే కాక ఏమౌతాయి? మూడు రోజులు అన్నం నీళ్ళు మర్చిపోయి కుట్టింది. చీమలు బారు కట్టినట్టు కుట్లు. చివర్లో లెక్క తేలలేదు. తెలుపు చాల్లేదు, ఆకుపచ్చ గుప్పెడు మిగిలింది.

"లెక్క రాని మొహం," అని తుంగానేని తిట్టుకుంది. తెలుపు తన డబ్బాలోంచి తీసి వేసింది. మిగిలిన ఆకుపచ్చ ముక్కలు ఇంట్లో ఉంచడానికి మనసొప్పలేదు. పొయ్యిలో పడేసింది.

శుక్రవారం పొద్దున హాల్లో నలుగురి ముక్కలూ ఒకదాని మీద ఒకటి పెట్టారు. తుంగానే ముక్కని అకాయితీయే తెచ్చి, మడత విప్పకుండా అడుగున పెట్టింది. "ఉతికావా వదినా? సబ్బు వాసన ఘుమఘుమలాడుతోందే! నా పంది చూస్తే గుర్తుపట్టదు," అని తుంగానే నవ్వింది. పాయసం తెచ్చింది. అందరూ తిన్నారు. అకాయితీ ఇప్పుడే తిన్నానంది. ఆ తర్వాత ఇద్దరిద్దరు చెరో పక్కా కూచుని, ముక్కలు ఒడిలో మడత పెట్టుకునే అంచులు కలిపి అతుకులు వేశారు. తుంగానే పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకున్నారు. ఆ రెండు మూడు గంటలూ అకాయితీ కూడా గొంతు కలిపింది. అబద్ధమెందుకు, ఆ పూట ఆవిడ ప్రాణం హాయిగా ఉంది.

అతుకులయ్యాక మిగతా ఇద్దరూ, ఉపొకోయినా, ఆవిడ చెల్లెలూ, బొంతని చెరో కొసా పట్టుకుని పైకెత్తారు.

పాట ఆగిపోయింది.

పువ్వు బ్రహ్మాండంగా వచ్చింది. ఎర్రటి రేకులు, పసుపు బొడ్డు. కానీ పువ్వుకి కాడ లేదు. కాడ ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ.

"ఓసి నీ దుంపతెగ! పువ్వు గాల్లో వేలాడుతోందే!" ఉపొకోయినా నోరు అసలే పెద్దది. "కాడ ఎవరు మింగారే?"

"కాడ ఒక్క ముక్కలోనే పలికాను," అంది తెపయేరు పెద్దమ్మ నిదానంగా. "తుంగానే ముక్కలో."

అందరూ తుంగానే వైపు తిరిగారు. అకాయితీకి పొయ్యిలో చిటపటలాడిన ఆకుపచ్చ ముక్కలు కళ్ళ ముందు మెదిలాయి.

తుంగానే లేచి ఆ మూలని చేతిలోకి తీసుకుంది. చూసింది. బొటనవేలితో కుట్ల మీద ఒకసారి రాసింది. చీమల బారు కుట్లు. తలెత్తి అకాయితీ కళ్ళల్లోకి చూసింది. ఎంతసేపు చూసిందో! ఇప్పుడు చెప్పొచ్చు. ఇప్పుడే చెప్పాలి.

"నేనేలే," అంది తుంగానే. "రంగులు పలుకుతుంటే కునుకు తీసుంటాను. లేకపోతే నా పంది మేసుంటుంది కాడని."

గొల్లున నవ్వారు అందరూ. తెపయేరు పెద్దమ్మ నవ్వలేదు. ఆ మూలని వేళ్ళతో తడిమి, "రేపే పెళ్ళి. ఉండనీండి," అని మడత పెట్టమంది.

ఇంటికెళ్ళాక అకాయితీ స్నానం చేసింది. కంపు పోలేదు. సున్నిపిండిలా సబ్బు అరగదీసి మళ్ళీ చేసింది. పంది కంపైతే పోయేది. ఇది వేరే కంపు, లోపల్నుంచి వస్తోంది. ఇన్నేళ్ళూ ఎవరింటి ముందు ముక్కు మూసుకుందో ఆ మనిషి తన తప్పు నెత్తిన వేసుకుని నవ్వించి పోయింది. తను కడిగిన నేల మీద కూచుని నోరు మూసుకుంది. ఛీ, ఏం బతుకే నీది, అనుకుంది.

మర్నాడు పెళ్ళయ్యింది. గోతిలో నిప్పుల మీద పూడ్చి కాల్చిన పందుల్ని తవ్వి తీశారు, డోళ్ళు మోగాయి, వైరంగినీ పెళ్ళికొడుకునీ పూలదండలతో ముంచేసి కుర్చీల్లో కూచోబెట్టారు. బొంత తెచ్చి వాళ్ళ ముందు విప్పారు. ఆహా అన్నారు జనం. ఆ వెంటనే గుసగుసలు, కిసుక్కుమని నవ్వులు.

"కాడేదమ్మా వియ్యపురాలా?" అంది పెళ్ళికొడుకు తల్లి. "ఆ మొండి ముక్క ఎవరిదో చెప్పు, మేమూ తెలుసుకుంటాం."

అకాయితీ లేచి నిలబడింది. "ఇది ఉపొకోయినాది," అని వేలు పెట్టింది. "ఇది వాళ్ళ చెల్లెలిది. ఇది నాది."

నాలుగో మూల దగ్గర వేలు ఆగింది. తుంగానే జనం వెనక నిలబడి ఉంది. ఇవాళ తెల్లగౌను వేసుకుంది, అప్పుడే మనవరాలు దాని భుజానికి ముక్కు రాసేసింది. వెటకారం లేదు మొహంలో, బతిమాలడమూ లేదు. ఏ పేరు చెప్పినా సరే అన్నట్టుంది. ఇప్పుడు తుంగానేది అంటే, వైరంగి మనవలూ ఈ బొంత చూసి తుంగానే పేరు చెప్పి నవ్వుతారు. గోతిలోకి కూడా ఆ అబద్ధమే వెళుతుంది కూతుర్ని చుట్టుకుని.

"ఇదీ నాదే," అంది అకాయితీ. "తుంగానే సరిగ్గానే కుట్టింది. కాడ పెట్టే కుట్టింది. నేను దాన్ని అసహ్యించుకుని, దానికి చెప్పకుండా మొత్తం విప్పేసి, నా తెలివితక్కువతనం కుట్టాను. నిన్న అది తన మీద వేసుకుంటుంటే గుడ్లప్పగించి చూశాను."

డోళ్ళు కొట్టేవాళ్ళు కూడా చేతులాపారు. వైరంగి, తల్లి వైపు చూసి, తల దించుకుంది.

"హమ్మయ్య," అంది తెపయేరు పెద్దమ్మ.

అకాయితీకి అర్థం కాలేదు. "ఏం హమ్మయ్య పెద్దమ్మా?"

"నీ కుట్టు నాకు తెలీదటే? కళ్ళు పోయాయి గానీ వేళ్ళు పోలేదు."

"మాకూ తెలుసు," అంది ఉపొకోయినా. "నిన్న నువ్వు వెళ్ళాక బొంత తిరగేసి చూశాం. అంత సన్నంగా ఈ ద్వీపంలో ఎవత్తె కుడుతుందే నువ్వు తప్ప? నీ ఇంటికొచ్చి గుమ్మంలోనే కడిగేద్దామనుకున్నా. అదిగో, తుంగానే పట్టుకుని ఆపింది."

"ఏమని ఆపింది?"

"ఊరుకోండే, దాని మురికి అదే కడుక్కుంటుంది, దానికి కడగడం బాగా వచ్చు, అంది."

ఎవరో నవ్వారు. అకాయితీకి నేల చీలితే బాగుండుననిపించింది. నిన్నట్నుంచీ వీళ్ళందరూ తనని చూసి ముక్కు మూసుకున్నారన్నమాట, తనకి తెలీకుండా.

తుంగానే జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చేతిలో ఆకులో చుట్టిన పాయసం ముద్ద.

"పోన్లే వదినా. ఆకుపచ్చ ముక్కలు ఇవ్వు, సోమవారం కాడ కుట్టేస్తా."

"పొయ్యిలో పడేశాను."

"చంపావు పో!" తుంగానే పగలబడి నవ్వింది. నవ్వుతూనే మనవరాలి ముక్కు తుడిచింది, అదే చేత్తో పాయసం ముద్ద తుంచింది, అకాయితీ మొహం ముందు పెట్టింది. "నా గౌను అంచు కత్తిరించి వేస్తాలే, ఆకుపచ్చదొకటుంది. తింటావా? ఇప్పుడే తిన్నావా?"

అకాయితీ ఆ వేళ్ళ వంక చూసింది. "ఇప్పుడే తిన్నానే" అనబోయింది. నలభై ఏళ్ళ అలవాటు ఒక్కపూటలో ఎక్కడికి పోతుంది?

నోరు తెరిచింది. తియ్యగా ఉంది. కొంచెం చేప వాసన కూడా వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే మింగి, ఇంకో ముద్ద పెట్టమంది.