ఉత్తనీళ్ల సీసా

మూడోసారి చేతులు కడుక్కుని, కొత్త గ్లౌజులు తొడుక్కుని, బిక్షం పంపు ఆన్ చేశాడు. వాగునీళ్లు తెల్లటి వడపోత కాగితం గుండా బొట్టు బొట్టుగా దిగసాగాయి. యాభై ఏడేళ్ల పొట్టి మనిషి. కుడిభుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. యూనివర్సిటీ ల్యాబుకు పదకొండేళ్లుగా అడవి నీళ్లు మోసిన భుజం అది. మనుషుల్ని పనికి పంపే ఏజెన్సీ ఇప్పించిన కాంట్రాక్టు ఉద్యోగం. రోజూ వారాసిగూడ నుంచి తార్నాకకు నడిచే వస్తాడు.

టేకు తోటల మధ్య పారే వాగులో ఏ జంతువు మూతి పెట్టినా దాని చొంగో, చర్మపు పొట్టో నీళ్లలో మిగులుతుంది. కాగితం దాన్ని పట్టుకుంటుంది, ల్యాబులో మిషన్ ఆ జంతువు పేరు చెబుతుంది. కణుజు వచ్చిందనీ, నీటికుక్క ఉందనీ కంటితో చూడకుండానే తెలిసిపోతుంది. బిక్షానికి ఇది ఇప్పటికీ వింతే. టీకొట్టు దగ్గర ఎవరు దొరికినా చెప్పి ప్రాణం తీస్తాడు.

వాగునీళ్ల సీసాలతో పాటు శుద్ధమైన నీళ్ల సీసా ఒకటి అడవికి వెళ్లొస్తుంది. అందులో ఏమీ దొరక్కూడదు. దొరికితే చేతుల్లోనో ల్యాబులోనో శుభ్రం తప్పిందని అర్థం, మిగతా సీసాలనూ నమ్మడానికి లేదు. చదువుకున్నవాళ్లు దాన్ని బ్లాంక్ అంటారు. బిక్షం ఉత్తనీళ్ల సీసా అంటాడు.

ఆ ఉదయం పీహెచ్‌డీ చేస్తున్న స్నిగ్ధ పీక్కుపోయిన ముఖంతో వచ్చింది.

"మే నెల బ్లాంక్‌ల చేపలు, కప్పలు వచ్చినయ్ అంకుల్. ల్యాబే కరాబైందంటున్నరు ఉమాపతి సార్. ఈ ఏడు చేసిందంతా పారబొయ్యాలంట."

"మరి నీ పీహెచ్‌డీ, బిడ్డా?"

ఆమె ఏడ్చేసింది. బిక్షం పంపు ఆపాడు.

ఆ మే నెలలో అడవికి వెళ్లినప్పుడు, ఎండలో తునికాకు మోపుతో ఒక ముసలమ్మ బాటపక్కన కూలబడి గుక్కెడు నీళ్లడిగింది. స్నిగ్ధ ముందు నడిచిపోయింది. బిక్షం తాగే స్టీలు సీసా ఎప్పుడో ఖాళీ అయింది. ఉత్తనీళ్లు ఆమె గొంతులో పోశాడు. ఖాళీ సీసా చూస్తే భయమేసి, తర్వాతి వాగులో నింపేశాడు. పదకొండేళ్లు ఈ పని చేసినవాడు చేయకూడని తప్పే అది.

ల్యాబు పెద్ద ఉమాపతి సార్ గది బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు.

"ల్యాబ్ మంచిగనే ఉన్నది సార్. ఆ సీస నేనే వాగుల నింపిన." జరిగిందంతా చెప్పాడు.

"అప్పుడే చెప్పొద్దా బిక్షం?"

"నౌకరి పోతదని భయపడ్డ సార్."

"ఆ నీళ్లు వాడొద్దని తెలుసు గదా."

"తెలుసు సార్. చేతిల సీస పెట్టుకొని లేవని ఎట్ల చెప్త?"

మే నెలలో తిరిగిన వాగులకు మళ్లీ వెళ్తే చాలన్నారు సార్, మిగతా పనికి ఢోకా లేదు. కానీ ఆఫీసుకు రాయక తప్పదు. నాలుగింటికి ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. రేపటి నుంచి కాచిగూడలో వాచ్‌మన్ పని. బిక్షం సీసాలన్నీ కడిగి, అడవికి తీసుకెళ్లే పెట్టె సర్ది, తాళాలు స్నిగ్ధ చేతిలో పెట్టి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

వారం తర్వాత వాగు దగ్గర స్నిగ్ధ ఆ పెట్టె తెరిచింది. ఉత్తనీళ్ల సీసా తన చోట సీలుతో ఉంది. దాని పక్కనే, సొట్టలు పడిన బిక్షం స్టీలు సీసా. మెడకు చుట్టిన టేపు మీద వంకర అక్షరాలు: 'అడిగినోళ్లకు.'