స్టానా అవ్వ పాడని మూడో చరణం

మా ఊళ్ళో చల్గా పాటలు, అంటే క్లబ్బుల్లో చిందులేయించేవి, ఎవరూ వినరు. ఎవరినైనా అడిగి చూడండి, మొహం చిట్లించి "ఛీ, అవీ పాటలేనా!" అంటారు. పెళ్ళిలో ఆ పాట మొదలైతే మాత్రం పాదిరీగారి భార్యతో సహా అందరికీ చివరి మాటదాకా నోటికొచ్చు. ఎలా వచ్చిందయ్యా అంటే గాలికొచ్చిందంటారు. సారా కొట్టు డీమో అయితే, "నేను వినను, నా రేడియో వింటుంది" అంటాడు.

అలాంటి ఊళ్ళో పుట్టాడు గ్రోజ్డాన్. ఇప్పుడు దేశమంతా అతన్ని సఫీర్ అంటుంది. నెమలి ఈకల కోటు, జానెడు మడమల బూట్లు, కనురెప్పల మీద తళుకులు. క్లబ్బుల్లో అతను పాడుతుంటే జనం మెచ్చుకోలుగా కాగితపు రుమాళ్ళు గుప్పిళ్ళకొద్దీ అతని మీద విసురుతారు. మర్నాడు అదే జనం, వీడివల్ల దేశం పాడైపోతోందని పేపర్లకు రాస్తారు.

అతని తండ్రి వల్కాన్ గైడా వాయిస్తాడు. మేకతోలు తిత్తిని చంకలో నొక్కి వాయించే ఆ వాద్యం మా ముత్తాతల నాటిది. వల్కాన్ లెక్కలో దాని తర్వాత పుట్టిందేదీ సంగీతం కాదు. కొడుకు మొదటిసారి ఈకలతో తెరమీద కనిపించిన రోజునే టీవీని పట్టుకెళ్ళి కోళ్ళగూట్లో పడేశాడు. "ఈ ఇంట్లో ఎవరైనా వాడి పేరెత్తారో, నా మీద ఒట్టే" అన్నాడు. అప్పట్నుంచీ పెట్టలు ఆ టీవీ మీదే పొదుగుతున్నాయి.

మధ్యలో నలిగింది స్టానా అవ్వ, వల్కాన్ తల్లి. నేను పక్కింటిదాన్ని. ఊరి బృందగానంలో అవ్వా నేనూ పక్కపక్కనే నిలబడతాం. ఆవిడకున్నది ఒకటే కోరిక.

"ఆ ఇద్దర్నీ ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి నా చేత్తో జున్ను పొరల బనిత్సా వడ్డిస్తే చాలే వెలీకా. ఆ తర్వాత దేవుడు పిలిస్తే చెప్పులు కూడా వెతుక్కోను, అలాగే వెళ్ళిపోతాను."

ఆ కోరికకు కొత్త అడ్డం ఆవిడ నోటినుంచే వచ్చింది. పోయిన శరదృతువులో ఒక పొద్దున్న రొట్టె పిండి పిసుకుతూ సన్నగా ఏదో పాడుకుంటోంది. వల్కాన్ గుమ్మంలో ఆగిపోయాడు.

"అమ్మా, ఎక్కడిదే ఆ పాట?"

"ఎక్కడిదేమిట్రా, మనింటిదే."

"ఇన్నాళ్ళూ ఎప్పుడూ పాడలేదే?"

"ఇన్నాళ్ళూ నువ్వు విన్నావా?"

ఇంట్లో ఒక పేరెత్తకూడదని ఒట్టు ఉన్నప్పుడు ముసలావిడ ఇంకేం చెబుతుంది? వల్కాన్ మాత్రం ఉప్పొంగిపోయాడు. పాట ఇదీ:

ఓ తలుపు గడియా, చప్పుడు చెయ్యకే,
నేనొచ్చానని లోపలివారికి చెప్పకే.
ఓ గడపా, నా అడుగుల మట్టి దాచుకో,
తెల్లారితే ఎవరిదని అడుగుతారు, ఓర్చుకో.

రెండు చరణాలే. వల్కాన్ దాన్ని మా బృందానికి నేర్పాడు. జిల్లా జానపద ఉత్సవంలో మాకు మొదటి బహుమతి వచ్చింది. అతను మైకు పట్టుకుని, ఇది తురుష్కుల ఏలుబడిలో కొండల్లో దాక్కున్న తిరుగుబాటు వీరుడి పాట అన్నాడు. ఆ వీరుడు దొంగచాటుగా ఇంటికొచ్చి వెళ్ళాడన్నాడు. "మూడో చరణం కాలగర్భంలో కలిసిపోయింది. పాట ఆత్మంతా అందులోనే ఉండుంటుంది" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. మైకు ముందు ఏడ్చే మగాణ్ణి చూస్తే నేను తట్టుకోలేను.

చలికాలంలో సఫీర్ కొత్త పాట వచ్చింది. డప్పులు, క్లారినెట్, వెనకాల జిలుగు బట్టల్లో అమ్మాయిలు. వరస అదే, మాటలూ అవే, చరణాలూ ఆ రెండే.

ఇక చూడాలి. పూర్వీకుల సొత్తును బురదలో పొర్లించాడని పేపర్లు దుమ్మెత్తిపోశాయి. కనీసం వాడివల్లైనా కుర్రకారు పాత పాట పాడుతున్నారు కదా అని ఇంకో పేపరు. డీమో కొట్టు రెండు ముక్కలైంది.

"దొంగ వెధవ! కన్నతండ్రి పాట కాజేశాడు!"

"కాజేస్తేనేంరా, ఎంత బాగా కాజేశాడో వినవేం?"

"నేను చల్గా విననుగా!"

"మరి ఆ కాలు అలా ఆడిస్తున్నావేం?"

వల్కాన్ రేడియోలో ఒకే మాటన్నాడు: "నాకు కొడుకు లేడు. ఉంటే దొంగ అయ్యుండేవాడు కాదు." కొత్త బూట్లు కొన్నా ఊరంతా చాటింపు వేయించే సఫీర్ మాత్రం ఈసారి పెదవి విప్పలేదు.

ఆ వారమే అవ్వ మా పెరట్లోకి వచ్చి కూలబడింది.

"పాట వాడిదేనే వెలీకా. కట్టిన రోజునే ఫోన్లో నాకు పాడి వినిపించాడు. వాడిమీద బెంగ పుట్టినప్పుడల్లా పిండి దగ్గర పాడుకునేదాన్ని."

"మరి చెప్పవేం అవ్వా?"

"చెప్తే కొడుకు పరువు పోయె. చెప్పకపోతే మనవడు దొంగాయె. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కదిలితే ఎవరో ఒకరు పడతారు."

ఇంతలో మన్నింపుల ఆదివారం వచ్చింది. ఆ సాయంత్రం చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చెయ్యి ముద్దు పెట్టుకుని మన్నించమని అడగాలి. పెద్దవాళ్ళు మన్నించి తీరాలి. మనసులో ఏమున్నా ఆరోజు కాదనకూడదు. తర్వాత పైకప్పు దూలానికి దారంతో ఉడికిన గుడ్డు వేలాడదీసి ఊపితే, చేతులు పెట్టకుండా నోటితో పట్టుకోవాలి.

చీకటి పడకముందే మా వీధి బురదలో నల్ల జీపు కూరుకుపోయింది. అందులోంచి ఈకల కోటు దిగింది. మడమలు దిగబడుతుంటే ఒక్కో కాలూ పీక్కుంటూ గ్రోజ్డాన్ నడిచి వస్తున్నాడు. ఏటా వల్కాన్‌ను మన్నింపు అడగడానికి ఇద్దరు ముగ్గురు వస్తే ఎక్కువ. ఆరోజు ఊరికి ఊరే తరలివచ్చింది. ఎవరెవరు ఏ పాపాలు చేశారో గాని, అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి.

గ్రోజ్డాన్ తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఈకలు నేలంతా పరుచుకున్నాయి. చెయ్యి ముద్దు పెట్టుకుని, "నన్ను మన్నించు నాన్నా. నీ పాట నిన్నడక్కుండా తీసుకున్నాను" అన్నాడు.

నోటిదాకా వచ్చిన నిజాన్ని నేను మింగేశాను. దేశమంతా దొంగ అంటుంటే, తండ్రి పరువు కోసం ఆ బిరుదును తనే నెత్తిన పెట్టుకున్నాడు పిచ్చి వెధవ.

వల్కాన్ రేడియో గొంతుతో, "దేవుడు మన్నిస్తాడు. నేనూ మన్నించాను. కూర్చో" అన్నాడు. డీమో చప్పట్లు కొట్టాడు.

అవ్వ కోరిక తీరినట్టే. ఇద్దరూ ఒకే బల్ల దగ్గరున్నారు, బనిత్సా పొగలు కక్కుతోంది. నోరు మూసుకుని వడ్డిస్తే చాలు. ఆవిడ పళ్ళెం బల్లమీద పెట్టి కొడుకు ముందుకొచ్చి నిలబడింది.

"నన్ను కూడా మన్నించరా వల్కాన్."

"నువ్వేం చేశావే అమ్మా?"

"ఆ పాట పాతదీ కాదు, పాడూ కాదు. వీడు కట్టుకున్నదే. వీడు నాకు పాడాడు, నేను పిండికి పాడాను, నువ్వు ఊరికి పాడించావు. నీ ఒట్టుకు భయపడి నోరు మెదపలేదు. దొంగతనమంటూ ఉంటే అది మనిద్దరిదీ."

గదిలో గుడ్డొక్కటే ఊగుతోంది. వల్కాన్ బల్ల అంచు పట్టుకున్నాడు. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను, అవ్వ కళ్ళలోనూ ఆ భయమే కనిపించింది. కాని ఆరోజు కాదనడానికి వీల్లేదు. బహుమతి తెచ్చిన పెద్దమనిషి, ఊరంతా ఫోన్లెత్తి చూస్తుండగా, "దేవుడు మన్నిస్తాడమ్మా... నేనూనూ" అన్నాడు. ఈసారి రేడియో గొంతు కాదు.

కాసేపటికి నీరసంగా అడిగాడు: "అయితే ఆ తిరుగుబాటు వీరుడెవడ్రా?"

"నేనే నాన్నా. నువ్వు రిహార్సళ్ళకి వెళ్ళినప్పుడు అవ్వను చూడ్డానికొచ్చేవాణ్ణి."

"ఊఁ." వల్కాన్ కుర్చీని బల్లకు దగ్గరగా లాక్కున్నాడు. "మూడో చరణం ఉందా?"

గ్రోజ్డాన్ అవ్వవంక చూశాడు. అవ్వ కంగారుగా, "అది పిండి ముందు పాడేది కాదురా, వద్దు" అంది.

"పాడరా."

గ్రోజ్డాన్ గొంతు సవరించుకుని, తల దించుకుని పాడాడు:

వీధిలో నా నల్ల జీపు గుర్రుమంటోంది,
షాంపేను వేడెక్కితే పిల్ల చిర్రుమంటోంది.

వల్కాన్ గడ్డం గోక్కున్నాడు.

"కాలగర్భంలో కలిసిపోయిందన్నానా?" అన్నాడు చివరికి. "అక్కడే ఉండనివ్వాల్సిందిరా."

ఇల్లు కూలిపోయేలా నవ్వారు. అవ్వ ఏడుస్తూ బనిత్సా కోసి ఇద్దరికీ పెట్టింది. కొట్లో దొంగ అని అరిచినవాడే ఆ చరణాన్ని ఇంకోసారి పాడించుకున్నాడు, చల్గా విననంటూనే.

వెళ్ళేముందు గ్రోజ్డాన్ అలవాటు కొద్దీ గడియను మెల్లగా, చప్పుడు కాకుండా ఎత్తబోయాడు. వల్కాన్ వెనకనుంచి వచ్చి ఆ చేతిమీద చెయ్యి వేశాడు. గడియను పైకెత్తి, ఊరంతా వినిపించేలా ఠంగున వదిలాడు.

"ఇకమీదట చప్పుడు చేసుకుంటూనే రా" అన్నాడు.