కుడి చెయ్యి

మా మందిరం గుమ్మం దగ్గర రెండు చెక్క పెట్టెలుంటాయి. ఎడమవైపుది ప్రార్థన పెట్టె, కుడివైపుది స్తోత్రాల పెట్టె. అడగాల్సింది ఉన్నవాళ్ళు ఎడమదాంట్లో, మేలు పొందినవాళ్ళు కుడిదాంట్లో చీటీ వేస్తారు. చీటీ మీద పేరు, దాని కింద ఒకటో రెండో మాటలు. 'మోకాలు.' 'చిన్నవాడి ఉద్యోగం.' 'ఇంట్లో శాంతి.' అంతకు మించి రాస్తే నలుగురి నోళ్ళలో పడుతుందని పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి. కాబట్టి చీటీ ఏ పెట్టెలో పడిందన్నదే ముఖ్యం.

శనివారం పెట్టెలు తెరిచి, చీటీలను రెండు కట్టలుగా కట్టి పాస్టరుగారి బల్ల మీద పెట్టడం నా పని. పల్లెటూరి బళ్ళో చదువుకున్నాను, అక్షరం గుండ్రంగా రాస్తాను, పెద్దగా మాట్లాడను. అందుకే నాకిచ్చారు. "చీటీల పిల్లకి చెప్పినా ఒకటే, గోడకి చెప్పినా ఒకటే" అంటాడు మైకు తాతయ్య. ఆయన ప్రతి ఆదివారం మైకు బాగుచేస్తాడు. అది మాత్రం ఏ ఆదివారమూ సరిగ్గా పలకదు.

ఆ శనివారం ఉక్కగా ఉందని ఫ్యాను వేశాను. గాలికి ఆరేడు చీటీలు ఎగిరి నేల మీద పడ్డాయి. ఏరుకుని, ఏది ఏ కట్టలోదో గుర్తు తెచ్చుకుంటూ సర్దాను. ఒక్కదాని దగ్గర ఆగిపోయాను. కుట్టు అత్తయ్య చీటీ అది. 'కుడి చెయ్యి' అని ఉంది.

ఆవిడ మా వీధి చివరి గదిలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతోంది. ఎవరికీ చుట్టం కాదు, సంఘమంతటికీ అత్తయ్యే. కొన్నాళ్ళుగా చెయ్యి పట్టు తప్పుతోందని ఆసుపత్రికి తిరుగుతోంది. కానీ మొన్న గురువారం కిటికీలోంచి చూస్తే మిషను తొక్కుతూ కనిపించింది. తగ్గినట్టే ఉందిలే అనుకుని స్తోత్రాల కట్టలో పెట్టేశాను. వెళ్ళి అడిగితే రెండు నిమిషాల పని. అడగలేదు.

మర్నాడు పాస్టరుగారు చదివారు. "మన అత్తయ్యగారి కుడి చేతిని దేవుడు ముట్టాడు. బాగుచేశాడు!"

మందిరమంతా చప్పట్లు. అత్తయ్య చప్పున తలెత్తింది. అప్పటికి ఆవిడ ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఉంది. అది చూడగానే చీటీ తప్పు కట్టలో పెట్టానేమో అనిపించింది. లేచి చెప్పాల్సింది. అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు. ఆవిడ నెమ్మదిగా నిలబడి, "దేవునికి స్తోత్రం" అని కూర్చుంది.

నిజంగానే తగ్గిందేమోలే అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

ఆ రోజు వెల్డింగు పనిచేసే ఒకతను వెనక వరసలో ఉన్నాడు. ఎప్పుడూ భార్యని దింపి గేటు దగ్గరే నిలబడేవాడు, ఎండ ఎక్కువగా ఉందని లోపలికొచ్చాడు. ఆరాధన అయ్యాక పాస్టరుగారి దగ్గరికొచ్చి, "చేతులతో బతికేవాణ్ణండి. చెయ్యి బాగైందంటే దాని విలువ నాకు తెలుసు" అన్నాడు. మరో రెండు వారాలకి బాప్తిస్మం కావాలని అడిగాడు.

అతనితో కలిపి బాప్తిస్మానికి ఏడుగురు తేలారు. పాస్టరమ్మగారు అత్తయ్యకి కబురు పెట్టారు. "చెయ్యి బాగైంది కదా, ఏడు తెల్ల అంగీలూ మీ చేతి మీదుగానే కావాలి." అత్తయ్య సరేనంది.

బాప్తిస్మానికి ముందురోజు అమ్మగారు నన్ను చూసి రమ్మన్నారు. అప్పటికి ఆ చప్పట్లు కొట్టి ఆరు వారాలు. ఆరు వారాలూ నేను ఆ గది ముందు నుంచి కాకుండా చుట్టు తిరిగి వెళ్ళాను.

"రావే పిల్లా, దారి మర్చిపోయావనుకున్నా" అంది అత్తయ్య. ఒళ్ళో చివరి అంగీ ఉంది. నీళ్ళలో దిగినప్పుడు బట్ట పైకి తేలకుండా అంచులో చిన్న చిన్న సీసపు బిళ్ళలు పెట్టి కుడతారు. ఆవిడ ఒక బిళ్ళ తీసింది. వేళ్ళ మధ్య నిలవలేదు. ఇంకోటి తీసింది. అదీ జారింది. నేను నేల మీద కూర్చుని బిళ్ళలు ఏరడం మొదలుపెట్టాను. మిషను కింద, మంచం కింద, గోడ వారగా ఎన్ని ఉన్నాయో! సూది ఆవిడ ఎడమచేతిలో ఉంది.

"డాక్టరు దగ్గరికి వెళ్తున్నారా అత్తయ్యా?"

"ఎలా వెళ్తానే? దేవుడు బాగుచేశాడని మైకులో చెప్పాక, వెళ్ళి ఆసుపత్రి వరసలో నిలబడితే ఎవరి మొహాన మసి? ఆయన మొహానే కదా."

"మరి నొప్పి..."

"ఆయన ఇచ్చాడు. నేనే అందుకోలేకపోతున్నా. నాలోనే ఎక్కడో చిల్లుంది. వెతుక్కుంటున్నా." నవ్వబోయింది. "పెళ్ళయిన కొత్తలో మా అత్తగారిని అన్న మాటల దాకా వెళ్ళాను. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళు. ఫొటో ముందు నిలబడి క్షమాపణ కూడా అడిగేశా."

నా గుప్పిట్లో బిళ్ళలు చెమటకి తడిసిపోయాయి.

"అత్తయ్యా, మీరు చీటీ ఎడమ పెట్టెలోనే వేశారు కదూ?"

"మరి? స్తోత్రం చెప్పడానికి అప్పుడేముందని? అడిగాను. జవాబు అంత తొందరగా అయ్యగారి నోట వచ్చేసరికి..."

"అది జవాబు కాదు. నేను తప్పు కట్టలో పెట్టాను."

ఫ్యాను సంగతి, నేల మీద పడ్డ చీటీల సంగతి, అడగకపోయిన రెండు నిమిషాల సంగతి, అన్నీ చెప్పాను. ఆవిడ కుట్టు ఆపలేదు. దారం అయిపోయాక, పంటితో తెంపి అంది.

"ఆరు వారాలు పిల్లా. అన్నం సయించలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. నువ్వు ఈ వీధిలోనే ఉన్నావు."

నేను మంచం కింద ఇంకో బిళ్ళ కోసం చెయ్యి చాపాను.

"ఆ బిళ్ళలు అక్కడ పెట్టి వెళ్ళు."

అక్కణ్ణుంచి నేరుగా పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ప్యాంటు పైకి మడిచి బాప్తిస్మపు తొట్టి కడుగుతున్నారు. విన్నాక తొట్టి గట్టు మీద కూర్చున్నారు.

"వెల్డింగు అతను ఆ సాక్ష్యం విని వచ్చాడమ్మా. రేపు ఇందులో దిగుతున్నాడు. ఇది అయ్యాక, వచ్చే వారం చెబుదామా?"

పెద్దవాళ్ళ మాటకి నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు. "వద్దండి" అన్నాను. "నా అబద్ధం మీద అతన్ని ముంచకూడదండి." ఆ గొంతు నాదేనా అనిపించింది.

ఆయన తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నారు. "నేనూ ఆవిణ్ణి ఒక్క మాట అడగలేదు. మేలు జరిగిందంటే చాలు, మనకి చదివెయ్యాలనే తొందర. అడిగేవాళ్ళ చీటీలు ఏడాదిపాటు పడి ఉన్నా, ఏమైందమ్మా అని ఎప్పుడు అడిగాం?"

ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను లేచాను. నా ఖర్మకి ఆ రోజు మైకు గంటలా పలికింది. నాలుగు వాక్యాలు చెప్పాను. చీటీ, కట్ట, నా తప్పు, నా మౌనం.

వెల్డింగు అతను తెల్ల అంగీలో లేచి నిలబడ్డాడు. "మరి నేను దేన్ని నమ్మి వచ్చినట్టండీ?"

అత్తయ్య లేచింది.

"బాబూ, ఆ అంగీ అంచు చూడు. ఎడమచేత్తో కుట్టాను, వంకర పోయింది. నా చెయ్యి బాగవలేదు. ఆయన్ని అడగడమూ నేను మానలేదు. నాకు తెలిసింది ఇంతే. నువ్వు దిగు అని గానీ, దిగొద్దు అని గానీ నేను చెప్పలేను."

అతను వంగి అంచు చూశాడు. వేలితో ఆ కుట్టు మొత్తం తడిమాడు. తర్వాత అంగీ విప్పి, జాగ్రత్తగా మడిచి బల్ల మీద పెట్టాడు. "ఆలోచించుకుంటానండి" అని పాస్టరుగారికి చెప్పి బయటికి నడిచాడు. ఆ రోజు ఆరుగురే నీళ్ళలో దిగారు. ఏడో అంగీ ఇప్పటికీ అమ్మగారి అల్మారాలో ఉంది. అది చూసినప్పుడల్లా అతని కోసం ప్రార్థన చేస్తాను, కానీ చీటీ రాయను.

సోమవారం పొద్దున్నే అత్తయ్య మా గుమ్మంలో నిలబడింది. నవ్వలేదు. "చెప్పులేసుకో. ఆసుపత్రిలో కాగితాలు నింపాలి. రాత బాగుంటుందని పేరుందిగా."

వరసలో రెండు గంటలు కూర్చున్నాం. నాతో ఒక్క మాటా ఆడలేదు. వంతు వచ్చాక నర్సు కలం పట్టుకుని, "ఏంటమ్మా ఇబ్బంది?" అంది.

"కుడి చెయ్యి" అంది అత్తయ్య. అలవాటుగా అక్కడితో ఆగిపోయింది.

నర్సు రాయకుండా చూస్తూ ఉంది. "చెప్పండి."

అత్తయ్య మొదలుపెట్టింది. ముందు బొటనవేలు మొద్దుబారడం, కత్తెర పట్టు జారడం, తల దువ్వుకోలేకపోవడం, కొత్త బట్ట ఒకటి పాడుచేసి కస్టమరు ముందు ఏడవడం. నాకు వీటిలో ఒక్కటీ తెలియదు. చెబుతూ చెబుతూ ఆ కుడి చేతిని తీసి నా ఒళ్ళో పెట్టింది, సంచి పెట్టినట్టు. నేను రెండు చేతులతో పట్టుకుని, ఆఖరు మాట దాకా విన్నాను.