ఎర్రదీపం వెనకాల

తెల్లారేసరికి సముద్రం చేరాలని నలుగురం నాలుగు మోటారుసైకిళ్ల మీద వానలోనే బయల్దేరాం. అందరికన్నా ముందు మా బావమరిది, వాడి వెనక వెల్డరు, ఆ వెనక టైలరు, చిట్టచివర డెబ్బై ఏళ్ల నేను.

"బావా, ముందు బండి ఎర్రదీపం వదలకు. ఈసారి వెనకబడ్డావో, వచ్చేసారి నువ్వు ఇంట్లోనే," అన్నాడు బావమరిది.

"నలభై ఏళ్లుగా మీ అక్కనే వదల్లేదు, దీపమొక లెక్కా?" అన్నాను.

అర్ధరాత్రి కుండపోతలో ఒక కూడలి చేరి, మధ్యనున్న గుండ్రటి దిమ్మె చుట్టూ తిరిగాం. పక్కన పెట్రోలు బంకు కనిపించింది. కాసేపటికి మళ్లీ అదే బంకు. ఆరోసారి బంకు కుర్రాడు నాకు చెయ్యి కూడా ఊపాడు. అద్దంలో చూస్తే నా వెనక బావమరిది! నా ఎర్రదీపం చూసి, ఎవరో దారి తెలిసినవాడనుకుని, గానుగెద్దులా నన్నే పట్టుకుని తిరుగుతున్నాడు.

నేను సముద్రం వైపు బాణం గుర్తున్న రోడ్డులోకి తిప్పాను. ముగ్గురూ బుద్ధిగా వెంట వచ్చారు.

తెల్లారి ఒడ్డున ఆగగానే బావమరిది దగ్గరికొచ్చాడు. "మీరెవరో గానీ దారి భలే చూపించారండీ," అన్నాడు. నేను హెల్మెట్ తీశాను.

వాడు నాలుక కరుచుకుని, "వచ్చేసారి ముందు నువ్వే పద బావా. ఆరు చుట్ల సంగతి మాత్రం అక్కకి చెప్పకు," అన్నాడు.

సరేనన్నాను. మాట తప్పలేదు. ఆమెకి అరవై చుట్లని చెప్పాను.